వీసమెత్తు కూడా కాదు

2008 ఆగస్టు 9, శనివారం రాత్రి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బ్లూమింగ్టన్ పట్టణం. యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో దీపాల కింద పన్నెండు దళాలు వరసలు తీరి నిలబడి ఉన్నాయి. యూనిఫారాలు, చేతి తొడుగులు, టోపీల మీద ఈకలు. దూరం నుంచి చూస్తే సైన్యమే. దగ్గరికెళ్తే మాత్రం ఎండకు ముక్కు మీద తోలు ఊడిన కుర్రాళ్ళు, జుట్టు ముడిచి టోపీలో దోపుకున్న అమ్మాయిలు. ఇరవై రెండేళ్ళు మించినవాళ్ళు ఒక్కరూ లేరు.

మైకులో ఫలితాలు చదువుతున్నారు. పన్నెండో స్థానం. పదకొండు. పది.

ఈ పోటీలో గెలవాలనుకున్నవాడు తన పేరు వినబడకూడదని మొక్కుకుంటాడు. పిలుపు ఎంత ఆలస్యమైతే అంత పైన ఉన్నట్టు. ట్యూబా వాయించే ఒక కుర్రాడు, చూపు ఎదర చీకట్లోకి పాతేసి, అదే మొక్కుకుంటున్నాడు. అటెన్షన్‌లో ఉన్నాడు కాబట్టి చెమట తుడుచుకోవడానికి లేదు. ముక్కు కొస దాకా జారిన చుక్క అక్కడే వేలాడుతోంది.

నాలుగు. మూడు.

ఇంకా రెండే పేర్లు. ఒకటి కాలిఫోర్నియాలోని కాంకర్డ్ నుంచి వచ్చిన బ్లూ డెవిల్స్. రెండోది వీళ్ళది. ఇల్లినాయ్ రాష్ట్రంలో రాక్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఫాంటమ్ రెజిమెంట్.

ఈ కుర్రాడికి ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఇతను ఒక్కడు కాడు. ఇలాంటి దళాల్లో తిరిగినవాళ్ళందరికీ ఉండే జ్ఞాపకాలను ఒక్కడి భుజాన వేసి చెబుతున్న కథ ఇది. తేదీలు, ఊళ్ళు, అంకెలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

బాకా పోయింది, పేరు మిగిలింది

డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్. ముద్దుగా డ్రమ్ కోర్. ఇది బ్యాండు మేళం కాదు, కవాతూ కాదు. ఆ రెంటికీ పుట్టి, ఇద్దరి మాటా వినని బిడ్డ.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. డప్పులు, బాకాలతో దళాలు కట్టారు. తర్వాత్తర్వాత పేటలోని పిల్లలను పోగేసి వాళ్ళకు నేర్పారు. చర్చిలు, స్కౌటు దళాలు కూడా ఇందులోకి దిగాయి. వీధి ఊరేగింపులు పోటీలయ్యాయి. పోటీలన్నాక పట్టుదలలొచ్చాయి. నియమాలన్నీ మాజీ సైనికుల సంఘాల చేతుల్లోనే ఉండటం నచ్చని దళాల పెద్దలు 1971లో ఒక్కటయ్యారు. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సొంత సంస్థ అలా పుట్టింది. మరుసటి ఏడు, 1972 ఆగస్టులో, విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఆనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది.

ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు. 2008 నాటికి ఇంతే. ఫ్లూటు, క్లారినెట్, శాక్సఫోన్‌లకు చోటు లేదు. మీట లేని బాకాకు ఒక మీట వచ్చింది, తర్వాత రెండు, తర్వాత మూడు. 2000 నాటికి ఏ శ్రుతి ఇత్తడి వాద్యమైనా తెచ్చుకోవచ్చన్నారు. బాకా పోయింది, పేరులో మాత్రం మిగిలింది. 2008 నాటికి ఒక దళంలో 150 మంది దాకా ఉండవచ్చు. వాళ్ళెవరికీ జీతం లేదు. పైగా వేల డాలర్ల రుసుము వాళ్ళే కట్టాలి. వేసవి సెలవుల్లో పని చేసి నాలుగు డబ్బులు వెనకేసుకునే వయసులో, డబ్బిచ్చి మరీ ఎండలో నడవడానికి వస్తారు.

ఇరవై రెండు నిండినవాడికి ఆ పైన కొత్త సీజన్‌లో చోటు లేదు. దీన్ని వాళ్ళు ఏజ్ అవుట్ అంటారు. మన కుర్రాడికి ఇది ఆఖరి వేసవి.

నేల మీద మంచం

శీతాకాలమంతా నెలకో వారాంతం ఎంపిక శిబిరాలు. మే నెలాఖరు నుంచి రోజంతా సాధన. జూన్‌లో బస్సులు కదులుతాయి. ఆగస్టు రెండో వారం దాకా ఇల్లంటే బస్సు, ఊరంటే ఏదో ఒక హైస్కూలు.

రాత్రి ఏ రెండింటికో బస్సు ఆగుతుంది. డ్రైవరు లైట్లు వేస్తాడు. ఎవరూ మాట్లాడరు. దిండు ఒక చంకలో, గాలి పరుపు ఒక చంకలో పెట్టుకుని, నిద్రలో నడిచేవాళ్ళలా స్కూలు జిమ్‌లోకి వెళ్తారు. బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఎవరి చోటు వాళ్ళు పట్టుకుంటారు. గోడవార చోటు పాతవాళ్ళది. తలుపు దగ్గర, నడిచేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడే చోటు కొత్తవాళ్ళది. గాలి పరుపులు బుస్సుమంటాయి. జిమ్‌లో ఒక దీపం ఎప్పటికీ ఆరదు. దాని కింద కళ్ళ మీద టీషర్టు కప్పుకుని పడుకోవాలి.

ఆ వేసవి అతని పక్క పరుపు కొత్తవాడిది. పదిహేడేళ్ళవాడు. బస్సులో పక్క సీటు, మైదానంలో పక్క చోటు కూడా వాడిదే. మొదటి వారం రాత్రుళ్ళు వాడు నిద్రపోలేదు.

"పొద్దున్నే ఎన్నింటికి లేపుతారు?"

"పడుకున్నాక ఎన్ని గంటలైనా సరే, చాలవు. ఆ లెక్క మానెయ్."

ఉదయం లేవగానే పరుగు, ఒళ్ళు సాగదీయడం. పార్కింగ్ స్థలంలో పెద్ద ట్రాలీ లారీ పక్క తలుపులు తెరుచుకుని ఉంటుంది. అదే వంటిల్లు. లోపల గరిటెలు తిప్పేది జీతగాళ్ళు కాదు. సెలవు పెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు, ఒకప్పుడు ఇదే దళంలో నడిచినవాళ్ళు. యూనిఫారం గుండీ ఊడితే కుట్టేదీ వాళ్ళే. రోజుకు నాలుగు పూటల తిండి. నాలుగోది ప్రదర్శన అయ్యాక, చీకట్లో, లారీ దీపం వెలుగులో నిలబడి తినేది. నూటయాభై మంది వరసలో నిలబడతారు. ఆ వరసలో ఒక పద్ధతి ఉంది: ఈ వేసవితో ఏజ్ అవుట్ అయ్యేవాళ్ళు ముందు. మన కుర్రాడు మొదటి రోజు ఆ వరస ముందుకు వెళ్ళినప్పుడు సంబరపడ్డాడు. రెండో రోజు నుంచి దిగులుపడ్డాడు.

చుక్క

ఫుట్‌బాల్ మైదానం పొడవు నూరు గజాలు. ఐదు గజాలకో తెల్ల గీత. గీత నుంచి గీతకు ఎనిమిది అడుగులు. అంటే అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. పొడుగువాడైనా పొట్టివాడైనా అంతే. వంద మందికి పైగా ఒకే కొలతతో అడుగు వేస్తేనే దూరం నుంచి చూసేవాడికి వంపు వంపుగా, గీత గీతగా కనిపిస్తుంది.

ప్రతి ఒక్కరి మెడలో దారానికి కట్టిన చిన్న పుస్తకం వేలాడుతుంది. ఏ అంకానికి ఎవరు ఎక్కడ నిలబడాలో అందులో రాసి ఉంటుంది. నలభై గజాల గీతకు రెండడుగులు లోపల, ముందు అంచుకు నాలుగడుగులు వెనక, ఇలా. ఆ స్థలాన్ని వాళ్ళు డాట్ అంటారు. మనకు చుక్క. ముగ్గు వేసే అమ్మకు చుక్క ఎంత ముఖ్యమో వీళ్ళకూ అంతే. కాకపోతే ఇక్కడ ముగ్గు కదులుతుంటుంది, గీత తానే నడుచుకుంటూ వెళ్ళి చుక్కను కలవాలి. అదీ పది కిలోలు దాటే ఇత్తడి భుజాన పెట్టుకుని, ఊదుతూ, కిందికి చూడకుండా.

నడక కూడా మామూలు నడక కాదు. మడమ ముందు ఆనించి, వేళ్ళను పైకి లేపి, పాదాన్ని నెమ్మదిగా నేల మీదకు దొర్లించాలి. నడుము కింద ఎంత పరుగున్నా నడుము పైన కదలిక ఉండకూడదు. కదిలితే పెదవి కదులుతుంది, పెదవి కదిలితే స్వరం వణుకుతుంది.

కొత్తవాడి మడమ ఎప్పుడూ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. ఎత్తైన ఇనుప మంచె మీద నుంచి శిక్షకుడి గొంతు మైకులో ఉరిమేది.

"ట్యూబాల్లో చివరి నుంచి రెండు. నీ పాదం నాకు కనిపిస్తోంది. అందరిదీ కనిపిస్తే తప్పు లేదు. నీది ఒక్కటే కనిపిస్తోంది. ఇంకొక్కసారి."

ఇంకొక్కసారి. డ్రమ్ కోర్‌లో అందరికీ తెలిసిన అబద్ధం అది. ఇంకొక్కసారి అన్నాక ఇంకో ఏడుసార్లు ఉంటుంది. వెనక్కి పరుగున వెళ్ళి చుక్క మీద నిలబడాలి, నాలుగు లెక్కలు, మళ్ళీ మొదలు. ఎండ నడినెత్తికి వస్తుంది. గ్యాలన్ నీళ్ళ సీసాలు మైదానం అంచున బారులు తీరి ఉంటాయి. వాటి దగ్గరికి వెళ్ళమని చెప్పేదాకా వెళ్ళకూడదు, చెప్పాక నడవకూడదు, పరిగెత్తాలి.

ఆ సాయంత్రం కొత్తవాడు నీళ్ళ సీసా మీద కూర్చుని బూటు విప్పాడు. మడమ బొబ్బ పగిలి ఉంది.

"నా ఒక్కడి అడుగు కోసం నూటయాభై మందిని వెనక్కి పంపాడు."

అతను వాడి పక్కన కూలబడ్డాడు. "నిన్న నా ఒక్కడి శ్వాస కోసం పంపాడు. మొన్న వెనకాల జెండా పట్టుకున్న అమ్మాయి మణికట్టు కోసం. ఎవరి వంతు వాళ్ళది. నీ వంతు అయిపోయింది, బూటు వేసుకో."

చెవి చెప్పేది అబద్ధం

ఇక్కడ బయటివాళ్ళకు తెలియని చిక్కు ఒకటుంది. నూరు గజాలంటే తొంభై ఒక్క మీటర్లు. ఆ చివర కొట్టిన డ్రమ్ము దెబ్బ ఈ చివరకు చేరడానికి సెకనులో పావు వంతు పైనే పడుతుంది. వేగంగా సాగే పాటలో పావు సెకనంటే దాదాపు ఒక అడుగు. ఈ చివర ఉన్నవాడు చెవిని నమ్మి వాయిస్తే, అతని స్వరం జనానికి చేరేసరికి పాట ముందుకెళ్ళిపోయి ఉంటుంది. అతనేమో సరిగ్గానే వాయించాననుకుంటాడు.

అందుకే మైదానం ముందు, ఎత్తు పీట మీద నిలబడ్డ డ్రమ్ మేజర్ చేతుల్ని చూడాలి. వెలుగు ఆలస్యం చేయదు. వెనక నుంచి డ్రమ్ములు వినిపించే చోట ఉన్నప్పుడు మాత్రం వాటి శబ్దాన్ని పట్టుకుని ముందుకు వాయించాలి. ఏ చుక్కలో కంటిని నమ్మాలో, ఏ చుక్కలో చెవిని నమ్మాలో అదీ బట్టీ పట్టాల్సిందే.

దక్షిణాది ఊరొకదానిలో ఒక మధ్యాహ్నం, ఆకాశం నల్లబడి ఉరుములు మొదలయ్యాయి. మెరుపు కనిపిస్తే మైదానం ఖాళీ చేయాలి. అందరూ జిమ్‌లోకి పరిగెత్తారు. తడిసిన బట్టలతో నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. వాద్యాలు లేవు, ఒట్టి గొంతులు. ట్యూబావాళ్ళు ట్యూబా స్వరం, ట్రంపెట్‌వాళ్ళు ట్రంపెట్ స్వరం. పదకొండు నిమిషాల పైచిలుకు ప్రదర్శన మొత్తం కళ్ళు మూసుకుని పాడేశారు. జిమ్ గోడల మధ్య శబ్దానికి ఆలస్యం లేదు. కొత్తవాడు ఆ రోజు మొదటిసారి పక్కవాళ్ళ స్వరం తన స్వరంలోకి కలవడం విన్నాడు. వేసవంతా చుక్కలు వెతుక్కోవడంలో వాడికి పాట వినే తీరిక లేకపోయింది.

నేనంటే నేను

ఆ ఏడు వీళ్ళ పాట స్పార్టకస్. రోమ్ మీద తిరగబడ్డ బానిసల నాయకుడి కథ. ఆర్మీనియన్ స్వరకర్త అరామ్ ఖచతూర్యన్ బాలేగా రాశాడు. అది 1956లో లెనిన్‌గ్రాడ్‌లో మొదటిసారి ఆడింది. ఫాంటమ్ రెజిమెంట్ పుట్టిందీ ఆ ఏడాదే. శాస్త్రీయ సంగీతాన్ని ఫుట్‌బాల్ మైదానంలోకి దించడం ఈ దళానికి చాలా ఏళ్ళుగా ఉన్న పిచ్చి. 1981లో, 1982లో ఇదే స్పార్టకస్‌తో పోటీకి దిగింది. గెలవలేదు.

గెలవకపోవడం దానికి కొత్తేమీ కాదు. 1977, 1978, 1979, వరసగా మూడేళ్ళు రెండో స్థానం. 1989లో మళ్ళీ రెండు. 1996లో మొదటి స్థానం వచ్చింది కానీ ఒంటరిగా రాలేదు. బ్లూ డెవిల్స్‌తో సమానంగా నిలిచి కిరీటాన్ని చెరిసగం పంచుకుంది. అప్పటి నుంచి పన్నెండేళ్ళు. ఎదురుగా ఉన్నది మళ్ళీ ఆ బ్లూ డెవిల్స్. 2007 విజేతలు. అప్పటికే పన్నెండు టైటిళ్ళు వాళ్ళవి. ఆ వేసవిలోనూ గెలుపు వాళ్ళదేనని జనం లెక్క.

స్టాన్లీ కుబ్రిక్ 1960లో తీసిన సినిమాలో ఒక ఘట్టం ఉంది. బందీల్లో స్పార్టకస్ ఎవడో చూపిస్తే మిగతావాళ్ళ ప్రాణాలు కాపాడతామంటారు రోమన్లు. అతను లేచేలోపు పక్కవాడు లేచి ఆ పేరు తనదంటాడు. ఇంకొకడు లేస్తాడు. ఆపైన అందరూ. ప్రదర్శనలో ఆ ఘట్టం ఉంది. వాయిస్తున్నవాళ్ళు వాద్యం దించి, ఒక్కొక్కరే గొంతెత్తి స్పార్టకస్ నేనేనని అరవాలి.

సాధనలో మొదటిసారి కొత్తవాడి గొంతు పెగల్లేదు. పాట వాయించేవాడిని అరవమంటే సిగ్గు.

"నూటయాభై మందిలో నేను అరవకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"మంచె మీదున్నాయనకు తెలుస్తుంది," అన్నాడతను. కాసేపాగి, "నీకూ తెలుస్తుంది," అన్నాడు.

ఆఖరి చుక్క

నిజానికి ఆ ఏడు ఫైనల్స్ ఇండియానాపోలిస్‌లో కడుతున్న కొత్త స్టేడియంలో జరగాల్సింది. కట్టడం పూర్తి కాలేదు. అలా బ్లూమింగ్టన్‌కు మారింది. గురువారం క్వార్టర్ ఫైనల్స్, శుక్రవారం సెమీ ఫైనల్స్, శనివారం ఫైనల్స్. మూడు రాత్రులూ అదే మైదానం, అవే చుక్కలు.

శనివారం ఉదయం సాధన చివర మైకులో గొంతు అంది: "ఇంకొక్కసారి."

వాయించారు. మంచె మీద నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత, "అంతే," అని వినిపించింది. మైకు ఆపేసిన చప్పుడు. జూన్ నుంచి ఎదురుచూసిన మాట అది. ఆ మాట నిజంగా నిజమైన రోజు ఎవరూ కదల్లేదు. నీళ్ళ సీసాల వైపు ఎవరూ పరిగెత్తలేదు.

సాయంత్రం ఏజ్ అవుట్ అయ్యేవాళ్ళను మధ్యన నిలబెట్టి మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఏదైనా చెప్పమన్నారు. అతను ఏడు నెలల నుంచి మనసులో రాసుకున్న ప్రసంగం ఒకటుంది. నోరు తెరిచేసరికి ఒక్క వాక్యం మిగిలింది. "మంచి చోటు చూసి పడుకోండి, తలుపు దగ్గర వద్దు," అన్నాడు. నవ్వారు. కొత్తవాడు మాత్రం నవ్వలేదు.

రాత్రి. మైదానం అంచున నిలబడి ఉన్నప్పుడు గడ్డి వాసన, పెదవి మీద ఇత్తడి రుచి. ముందు దళం బయటికి వెళ్తోంది. వాళ్ళ మొహాలు చెమటతో మెరుస్తున్నాయి, కళ్ళు ఎవరినీ చూడటం లేదు. తర్వాత వీళ్ళ పేరు. డ్రమ్ మేజర్ చేతులు లేచాయి.

అతనికి ఆ పదకొండు నిమిషాల్లో గుర్తున్నవి మూడే విషయాలు. రెండో అంకంలో కుడి పక్కన కొత్తవాడి మడమ సరిగ్గా తన మడమతో పడటం. చూడలేదు, నేలలో తెలిసింది. మైదానంలో తిరుగుతున్న జడ్జి ఒకాయన రికార్డరు నోటికి ఆనించుకుని అతని భుజానికి అడుగు దూరంలోంచి వెళ్ళడం. ఆ తర్వాత ఆ కేక. ముందు ఒక గొంతు, తర్వాత మరొకటి, తర్వాత ఎక్కడెక్కడి నుంచో. కుడి పక్క నుంచి పదిహేడేళ్ళ గొంతు ఒకటి చీలిపోతూ లేచింది. వాడంత గట్టిగా ఎవరూ అరవలేదని అతను ఈరోజుకీ ఒట్టేసి చెబుతాడు.

ఆఖరి స్వరం. ఆఖరి చుక్క. చేతులు దిగేలోపే స్టాండ్స్ లేచి నిలబడ్డాయి.

లెక్క

ఒకప్పుడు ఈ పోటీల్లో లెక్క సులువు. జడ్జి చేతిలో పెన్సిలు, అట్ట. అడుగు తప్పితే ఒక గీత, స్వరం పగిలితే ఒక గీత. గీతను టిక్ అనేవారు. టిక్కుకు పదో వంతు మార్కు కోత. 1983తో ఆ పద్ధతి పోయింది. తప్పులు లెక్కపెట్టడం మాని, చేసిందానికి మార్కులు వేయడం మొదలైంది. 2008లో మొత్తం నూటికి నలభై సమగ్ర ప్రభావానికి, ముప్ఫై కంటికి కనిపించేదానికి, ముప్ఫై సంగీతానికి. జడ్జీలు ఎవరికి వారే పదో వంతుల్లో అంకెలు వేస్తారు. వాటిని భాగించి, సగటు తీసి కలిపేటప్పుడు దశాంశ బిందువు తర్వాత మూడో అంకె పుట్టుకొస్తుంది.

మైకు గరగరలాడింది.

"రెండో స్థానం. 98.100 మార్కులతో..."

కొత్తవాడి ఊపిరి ఆగడం అతనికి వినిపించింది.

"...బ్లూ డెవిల్స్."

అటెన్షన్‌లో ఉన్నవాళ్ళు కదలకూడదు. అతను కదల్లేదు. ముక్కు కొసన చుక్క మాత్రం రాలిపోయింది. విజేత మార్కులు 98.125. తేడా 0.025. మార్కులో నలభయ్యో వంతు. పాత పద్ధతిలో ఒక్క టిక్కులో నాలుగో భాగం. మన పెద్దల లెక్కలో వీసమంటే పదహారో వంతు. అందులో సగం కూడా లేదు.

మైదానం అటువైపు బ్లూ డెవిల్స్ వరసల్లోనూ ఏజ్ అవుట్ అయ్యేవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ అదే వేసవి అవే జిమ్ నేలల మీద పడుకున్నారు, వాళ్ళ మంచె మీదా ఒక గొంతు ఇంకొక్కసారి అనే అంది. ఇటు కేరింతలు లేచినప్పుడు అటు ఎవరూ తల దించలేదు.

అర్ధరాత్రి దాటాక పార్కింగ్ స్థలంలో, వంట లారీ దీపం కింద, నాలుగో పూట తిండి. అతను వరసలో ఆఖరుకు వెళ్ళి నిలబడ్డాడు. కొత్తవాడు వెనక నుంచి వచ్చాడు.

"ఆ 0.025 ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది?"

"ఏమో."

"రెండో అంకంలో నా మడమ తప్పలేదు."

"తెలుసు."

"అదే అయ్యుంటుంది," అన్నాడు వాడు. చాలా సీరియస్‌గా.

అతనికి నవ్వొచ్చింది. పదినిమిషాల ముందు జెండా పట్టుకునే అమ్మాయి ఇదే మాట అంది. ఆ మొదటి విసురు చేతిలో పడ్డప్పుడే తనకు తెలుసంది. ట్రంపెట్ వాయించేవాడు తన ఆఖరి స్వరమేనన్నాడు. వంట చేసే పెద్దావిడ అయితే, పొద్దున గుడ్లు తాను వేయించినంత బాగా ఎప్పుడూ కుదరలేదంది. నూటయాభై మందిని అడిగితే నూటయాభై మందీ ఆ వీసం తమదేనంటారు. ఎవరిదీ కాదని చెప్పగల జడ్జి లేడు. అతను మాత్రం, వరసలో ముందుకు జరుగుతూ, రెండో అంకంలో తాను పీల్చిన ఆ శ్వాస గురించి ఆలోచిస్తున్నాడు.

మరునాడు బస్సులు ఖాళీ అయ్యాయి. ట్యూబా దళానిది, లారీలోకి వెళ్ళిపోయింది. మెడలోని పుస్తకం అతనిది, ఉంచుకోవచ్చన్నారు. వాన తగిలి సిరా అలుక్కుపోయి సగం చుక్కలు చదవడానికి లేవు. అవసరమూ లేదు.

మరుసటి ఏడాది నుంచి నియమాలు మారి మైదానంలోకి ఎలక్ట్రానిక్ వాద్యాలు వచ్చాయి. ఫైనల్స్ ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం కప్పు కిందికి వెళ్ళాయి. కొత్తవాడు ఇప్పుడు పాతవాడు, శీతాకాలం శిబిరానికి గోడవార చోటు పట్టుకోవడానికి ముందుగా వెళ్ళాడు.

రికార్డుల్లో వాయించినవాళ్ళ పేర్లు ఉండవు. రెండు వరుసలు ఉంటాయి. ఫాంటమ్ రెజిమెంట్, రాక్‌ఫర్డ్, 98.125. బ్లూ డెవిల్స్, కాంకర్డ్, 98.100.